హుసేనమ్మ వాకిట్లో ముగ్గురు పంతులమ్మలు

స్కాట్లండు నుంచి పంతులమ్మ వస్తోందని జాబు అందిన రోజే, పెన్నేటి గట్టు ఆడపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్ జీవరత్నమ్మ గోడలకు సున్నం కొట్టించడానికి మనిషిని పిలిపించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు అది. జమ్మలమడుగులో నాపరాళ్ళతో కట్టిన ఆ చిన్న మిషన్ బడికీ, డండీ అనే ఊళ్ళోని ఒక బడికీ ఏడెనిమిదేళ్ళుగా జాబుల మీద చెలిమి. అక్కడి పిల్లలు రంగు పెన్సిళ్ళు పంపేవాళ్ళు. ఇక్కడి పిల్లలు పువ్వులు కుట్టిన రుమాళ్ళు పంపేవాళ్ళు. ఇప్పుడా చెలిమి మనుషుల దాకా వచ్చింది. వాళ్ళ పంతులమ్మ ఇక్కడికి వచ్చి, పదిహేను రోజులు మన పంతులమ్మ ఒకామె వెంటే ఉండి, ఆమె పని ఎలా చేస్తుందో చూసి నేర్చుకుంటుంది. జనవరిలో మన పంతులమ్మ ఓడెక్కి వెళ్ళి మూడు నెలలు అక్కడ అదే చేస్తుంది.

జీవరత్నమ్మ ఆట్టే ఆలోచించకుండా సరోజమ్మ పేరు రాసి పంపింది. సరోజమ్మ పుట్టింది లింగాలలో. నాలుగేళ్ళు పులివెందులలో చెప్పి, ఈ బడికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఒక దిక్కు కడప, ఒక దిక్కు పులివెందుల, అంతకు మించి లోకం చూడని మనిషి. సముద్రం ఎట్లా ఉంటుందో పిల్లలకు పద్దెనిమిదేళ్ళుగా చెబుతోంది గాని తాను చూడలేదు. తన పేరు రాశారని తెలిసిన సాయంత్రం భర్త పేతురుకు అన్నం వడ్డిస్తూ రెండుసార్లు చారు బదులు మజ్జిగ పోసింది.

అయితే జాబులో ఉన్నది ఒకటి, బడిలో అందరికీ అర్థమైంది మరొకటి. పెద్దవాళ్ళు ఎక్కడినుంచో వచ్చి తరగతిలో కూర్చుని పుస్తకంలో రాసుకుంటారంటే దాన్ని ఇన్‌స్పెక్షన్ అనే అంటారు. ఆ బడిలో ప్రతి పంతులమ్మకూ ఒక ఇన్‌స్పెక్షన్ పాఠం ఉంది. పెట్టె అడుగున పట్టుచీర దాచినట్టు దాచుకుని, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బయటికి తీస్తారు. సరోజమ్మది పెన్నానది పాఠం. పటం మీద కర్ర పెట్టి నంది కొండల నుంచి సముద్రం దాకా నడిపిస్తే, పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు.

పాఠం సంగతి సరే. జీవరత్నమ్మకు దిగులు పొద్దుటి సంగతి గురించి. సరోజమ్మ రోజూ ఆరున్నరకే బయల్దేరి వీధులెంట తిరిగి పదకొండు మంది పిల్లల్ని ఇళ్ళలోంచి లాక్కొస్తుంది. ఒకదానికి జడ వెయ్యాలి, ఒకదాని చంకలోంచి తమ్ముణ్ణి దించాలి, ఒకదాని తల్లితో వాదులాడాలి. ఆ పదకొండు మందీ ఆమె పోతేనే వస్తారు, పోకపోతే రారు.

"ఈ పదైదు దినాలు నువ్వు వీధుల్లో తిరగొద్దు సరోజా," అంది జీవరత్నమ్మ. "ఆ పేడలో, బురదలో నువ్వు కొంగు బిగించి తల్లులతో కొట్లాడేది చూస్తే ఆయమ్మ మన బడి గురించి ఏమని రాసుకుంటాది? గురవమ్మను పంపిద్దాం."

గురవమ్మ బడి ఆయా. పిల్లలకు ఆమె కొత్త కాదు. సరోజమ్మ సరేనంది. కొంచెం సంతోషంగానే సరేనంది. దొరసాని ముందు ఇస్త్రీ చీరలో నిలబడాలని ఆమెకూ ఉంది.

వచ్చినామె పేరు మిస్ డంకన్. నలభై లోపు మనిషి, పొడుగు, ముక్కు మీద ఎండకు పొక్కిన తోలు. తెలుగు నేర్చుకునే వచ్చింది. కాకపోతే వాళ్ళ ఊళ్ళో ఒక ముసలి మిషనరీ దగ్గర, పాత తెలుగు బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకుంది. బస్సు దిగి సరోజమ్మకు చేతులు జోడించి, "నేను మిమ్మును వెంబడించుటకు వచ్చియున్నాను," అంది. ఆ మాట ఆదివారం గుడిలో వినడమేగాని బస్టాండులో ఎన్నడూ విననందువల్ల సరోజమ్మ ఆమెన్ అనబోయి ఆగింది. ఈమె బైబిలు మాట్లాడుతుందని గురవమ్మ సాయంత్రానికల్లా పేటంతా చెప్పింది.

సోమవారం పెన్నానది పాఠం జరిగింది. డంకనమ్మ వెనక బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని పటం మొత్తం పుస్తకంలో దించుకుంది. మంగళవారం ఏ పాఠం చెప్పాలో సరోజమ్మకు పాలుపోలేదు. ఇన్‌స్పెక్టర్లు ఎవరూ రెండో రోజు ఉండరు. అందుకని మళ్ళీ పెన్నానది చెప్పింది. బుధవారమూ అదే. గురువారం ఆమె కర్ర పట్టుకుని పటం వైపు తిరగ్గానే, ఇంకా నోరు తెరవకముందే, తరగతి మొత్తం "నంది కొండల్లో" అని అరిచింది. డంకనమ్మ నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వుకు సిగ్గుపడటానికి కూడా సరోజమ్మకు మనసు లేదు. ఐదో తరగతి వరసలో ఒక చోటు సోమవారం నుంచి ఖాళీగా ఉంది. ఆ చోటు మెహబూబున్నీసాది. దూదేకుల పిల్ల, పదకొండేళ్ళు, లెక్కల్లో బడి మొత్తానికి ముందుండేది. తల్లి లేదు. తండ్రి గఫూరు ప్రొద్దుటూరులో పత్తి మిల్లులో పనిచేస్తాడు, శుక్రవారం శుక్రవారం వస్తాడు. పిల్లను సాకేది వాళ్ళ జేజి, నాయనమ్మ హుసేనమ్మ. ఎదిగే పిల్లను ఇక బడికి పంపనని హుసేనమ్మ జూన్‌లోనే అంది. సరోజమ్మ పది రోజులు ఆ వాకిట్లో కూర్చుని ఒప్పించింది. ఒప్పుకోలు ఏమిటంటే, పొద్దున సరోజమ్మే వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి, సాయంత్రం ఆమే తెచ్చి జేజి చేతిలో పెట్టాలి. ఐదో తరగతి పరీక్ష ఏప్రిల్‌లో. అది రాస్తే హైస్కూలు. ఆ పిల్లను హైస్కూలు మెట్లు ఎక్కించాలన్నది సరోజమ్మ పంతం.

పిల్లకు జ్వరమని మూడు రోజులుగా చెబుతున్న గురవమ్మను గురువారం మధ్యాహ్నం నీళ్ళ తొట్టి దగ్గర పట్టుకుని గట్టిగా అడిగింది. గురవమ్మ కాసేపు చెంబు కడిగినదాన్నే కడిగింది.

"జెరం ల్యాదు, ఏం ల్యాదమ్మా. సోమారమే ఆ ముసలామె నాతో పంపనన్నాది. దొరసాని ఉండంగ నీకెందుకు మనాది అని నేనే జెరమంటి. ఇప్పుడు పిల్ల చేతికి సూదిచ్చి పరుపులు కుట్టిస్తాంది. రేపు గఫూరు వస్తే వానెంట ప్రొద్దుటూరికి పంపుతాదంట, మేనత్త ఇంటికి. ఆడ ఉంటే ఇంగ వచ్చేది ల్యా."

గురవమ్మను అనడానికి ముందు సరోజమ్మ తనను తాను తిట్టుకోవలసింది చాలా ఉంది.

శుక్రవారం తెల్లవారగానే పాత నేతచీర కట్టుకుని, జీవరత్నమ్మ లేవకముందే పోయి రావాలని బయటపడింది. బడి గేటు దగ్గర డంకనమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఈ పొద్దుటి పని సంగతి పిల్లల జాబుల్లో చదివి, రోజూ ఆరున్నరకు అక్కడ నిలబడే ఉందట. తన పంతులమ్మ బయటికి రావడం లేదేమని ఎదురుచూసి లోపలికి పోతోందట.

"నేను పరీక్షించుటకు రాలేదు," అంది డంకనమ్మ మెల్లగా. "నేర్చుకొనుటకు వచ్చితిని. మీరు నాకు నదిని నాలుగు మారులు చూపితిరి. మీ పనిని చూపలేదు."

సరోజమ్మ తల వంచుకుని, రమ్మన్నట్టు ముందు నడిచింది.

దారిలో పది ఇళ్ళు. డంకనమ్మ పుస్తకం తియ్యలేదు. రెండో ఇంట్లో సరోజమ్మ జడ వేస్తుంటే రిబ్బను పట్టుకుంది. నాలుగో ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకుంది, వాడు భయపడి ఏడ్చాడు, ఆరో ఇంటికి చేరేసరికి ఎందుకోగాని వాడు వాళ్ళ వెంటే ఉన్నాడు. వెనక్కిచ్చి రావలసి వచ్చింది. ఒకటి మాత్రం కనిపెట్టి అడిగింది. మీరు ఏ తల్లినీ పిల్లను పంపుతావా అని అడగరేమి అంది. సరోజమ్మకు అది తనకే తెలియని సంగతిలాగా ఉంది. కాస్త ఆలోచించి చెప్పింది. పంపుతావా అంటే పంపను అనడానికి సందు దొరుకుతుంది. అందుకని పలక యాడుందని అడుగుతాను. పలక వెతకడంలో పడితే పిల్ల బయల్దేరినట్టే.

హుసేనమ్మ ఇల్లు అన్నిటికన్నా చివర. వాకిట్లో ఏకిన దూది కుప్ప, దాని పక్కన సగం కుట్టిన పరుపు. చలికాలం వచ్చింది, చేతినిండా పని. మెహబూబున్నీసా పరుపు అంచున కూర్చుని కుడుతోంది. పంతులమ్మను చూసి లేవబోయి, జేజి మొహం చూసి కూర్చుంది.

"ఏం పంతులమ్మా, దోవ తప్పినావా?" అంది హుసేనమ్మ.

సరోజమ్మ గడప బయటే నిలబడింది. పలక సంగతి అడగలేదు. ఈ ఇంట్లో ఆ ఉపాయం చెల్లదని ఆమెకు తెలుసు.

"నాలుగు దినాలు పిల్లకు తల దువ్వి గడపలో నిలబెడితి," అంది హుసేనమ్మ, దూదిలోంచి గింజ ఏరుతూ. "నువ్వు రాకపోతివి. గురవమ్మ మంచిదే, దానిమీద నాకేం కోపం ల్యా. నేను పిల్ల చెయ్యి నీ చేతికిస్తి గానీ, బడికియ్యలే."

"తప్పు నాదే అవ్వా. ఈయమ్మ ముందర గొప్పగా కనపడాలని ఆడనే నిలబడిపోతి."

"ఎవురీయమ్మ?"

"మా మాదిరే పంతులమ్మ. దొరల సీమ నుంచి వచ్చింది. నా పని చూసి నేర్చుకోవల్లని."

"నీ దగ్గరా?" ముసలామె మొదటిసారి తలెత్తింది. "వాళ్ళకు ఆడ ఎవురూ ల్యారా?"

సరోజమ్మకు ఆ బాధలోనూ నవ్వొచ్చింది. హుసేనమ్మ డంకనమ్మను కిందనుంచి పై దాకా చూసి, పెళ్ళయిందా అని అడిగింది. కాలేదంటే నాలుక చప్పరించింది. ఒంటి ఆడకూతుర్ని అంత దూరం ఎవరి చేతికిచ్చి పంపారో అడగమంది.

అడగవలసిన అవసరం లేకుండానే డంకనమ్మకు అర్థమైంది. వాకిట్లో గొంతుక్కూర్చుని, ముసలామె కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "మా జనులు నన్ను సరోజమ్మ చేతికి అప్పగించిరి."

హుసేనమ్మ చేతిలో దూది ఆగింది. తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టు తలాడించి సరోజమ్మకేసి చూసింది. "అట్ల చెప్పు మరి. ఒకరి బిడ్డ నీ చేతిలో ఉండె. ఇడిసిపెట్టి ఎట్ల వస్తావులే." మనవరాలి వైపు తిరిగి, "లెయ్యే, మొగం కడుక్కోపో," అంది.

ముసలామె తనకు తోచిన న్యాయం తాను చెప్పి తప్పు కొట్టేసింది. అది నిజం కాదని సరోజమ్మకు తెలుసు. అయినా ఊరుకుంది. మెహబూబున్నీసా పలక తీసుకుని పరిగెత్తుకు వచ్చింది. హుసేనమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టి సరోజమ్మ చేతిలో పెట్టింది. నాలుగు రోజుల సూదిపోట్లతో వేళ్ళ చివరలు గరుకెక్కి ఉన్నాయి. ఆ గరుకు అరచేతికి తగలగానే సరోజమ్మకు ఇంకో సంగతి కూడా దాచడానికి మనసొప్పలేదు.

"అవ్వా, ఒక మాట. జనవరిలో నేను ఈయమ్మ ఊరికి పోవల్ల. మూడు నెలలు."

"పరీచ్చ ఎప్పుడంటివి?"

"ఏప్రిల్‌లో."

"అంటే నడిమధ్యలో ఇడిసిపెట్టి పోతావు." హుసేనమ్మ గొంతులో కోపం లేదు. "ముందే చెప్పినావు, మంచిదాయ. అప్పుడు నిలిపేకన్నా ఇప్పుడు నిలిపేదే మేలు గదా. మద్యానం బస్సుకు గఫూరు వస్తాడు."

పిల్ల వేళ్ళు సరోజమ్మ చేతిలో బిగుసుకున్నాయి.

"నేను పోను అవ్వా," అంది సరోజమ్మ.

అనేశాక తెలిసింది తానేమందో. హుసేనమ్మ ఆమె మొహంలోకి చూసి, ఇక గఫూరు మాట ఎత్తకుండా మళ్ళీ దూది ముందు కూర్చుంది. బడిదాకా సరోజమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు. ఏటి ఇసుక మీద ఎండ పరుచుకుంటోంది. సముద్రం దీనికన్నా ఎంత పెద్దదో అనుకుని, సరోజమ్మ ఆ తలపును అక్కడే వదిలేసింది.

పది గంటలకు జీవరత్నమ్మ గదిలో పంచాయితీ జరిగింది. వీధుల్లోకి పోవద్దన్న మాట దాటినందుకు ముందు సరోజమ్మకు తిట్లు పడ్డాయి. పోనన్నందుకు తర్వాత పడ్డాయి. ఓడ టిక్కెట్టు దాకా వచ్చిన పనిని ఒక పిల్ల కోసం చెడగొట్టుకుంటారా అంది జీవరత్నమ్మ. డంకనమ్మ అంతా విని, ఆమెను ఒక్కటే అడిగింది.

"సరోజమ్మ మా యొద్దకు వచ్చినయెడల, ఆ వాకిట ఎవరు నిలుచుదురు?"

జీవరత్నమ్మ గురవమ్మ పేరు చెప్పబోయి ఆగింది. కుర్ర పంతులమ్మల పేర్లు ఒక్కొక్కటే తలచుకుంది. వాళ్ళను హుసేనమ్మ గడప కూడా ఎక్కనివ్వదు.

"నేను ఆమెను వెంబడించి నేర్చుకొనుచున్నాను," అంది డంకనమ్మ. "మీరును రండి."

యాభై ఆరేళ్ళ మనిషితో, అదీ హెడ్‌మిస్ట్రెస్‌తో, అనదగ్గ మాట కాదది. జీవరత్నమ్మ మొహం ఎర్రబడింది. శని, ఆదివారాలు ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. జనవరి ప్రయాణం ఖాయమని డండీకి రాయవలసిన జాబు, పేరు చోట ఖాళీతో, బల్ల సొరుగులో పడి ఉంది.

సోమవారం ఆరున్నరకు గేటు దగ్గర డంకనమ్మతో పాటు జీవరత్నమ్మ కూడా నిలబడి ఉంది. కాళ్ళకు బూట్లు, చేతిలో కుక్కల కోసం కర్ర.

ఆ ఊరేగింపును చూడటానికి జనం పళ్ళు తోముకుంటూ వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళు. ముందు సరోజమ్మ, ఆమె వెనక తెల్ల పంతులమ్మ, ఆ వెనక పెద్ద పంతులమ్మ. మూడో రోజు జీవరత్నమ్మకు ఒక ఇల్లు ఒప్పజెప్పారు. ఆమె గౌరవంగా గొంతు సవరించుకుని, "పిల్లను పంపుతావామ్మా?" అంది. "ఈ పొద్దు పంపనులే," అని ఆ తల్లి లోపలికి పోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో జీవరత్నమ్మతో పంపను అన్నవాళ్ళు లేరు, ఆమె ఎవరినీ అడగలేదు గనక.

డంకనమ్మ వెళ్ళే రోజు వచ్చింది. బస్సెక్కేముందు సరోజమ్మ రెండు చేతులూ పట్టుకుని, మీ కొరకు కనిపెట్టుకొనియుందును అంది. ఎదురుచూస్తానని అర్థం. సరోజమ్మ నవ్వి గొడుగు అందించింది. ఆమె పోయాక జీవరత్నమ్మ మానేస్తుందని అందరూ అనుకున్నారు. మానలేదు. జలుబు చేసినా వచ్చింది. జడ వెయ్యడం నేర్చుకుంది. పలక యాడుందని అడగడం నేర్చుకుంది. ఒక తల్లి పంతులమ్మా అని కాకుండా అక్కా అని పిలిస్తే, అది సరోజమ్మకు రెండుసార్లు చెప్పుకుంది. పదిళ్ళూ ఆమెకు లొంగాయి. హుసేనమ్మ లొంగలేదు. రోజూ ఇద్దరూ గడప బయట నిలబడేవాళ్ళు. హుసేనమ్మ పిల్ల చేతిని సరోజమ్మ చేతిలోనే పెట్టేది. జీవరత్నమ్మ కేసి ఒక చూపు చూసేది, అంతే.

క్రిస్‌మస్ సెలవులు అయి బడి తెరిచారు. డండీకి రాయాల్సిన జాబు ఇక ఆగదు, ఈ వారంలో ఔననో కాదనో రాయాలి. రాయాల్సింది కాదనే అని సరోజమ్మ సిద్ధపడింది. ప్రయాణానికని పేతురు ప్రొద్దుటూరులో కొనుక్కొచ్చిన చిన్న ట్రంకుపెట్టెలో బియ్యం పోసుకుంది.

బుధవారం పొద్దున హుసేనమ్మ ఇంటి సందు మొదట్లో జీవరత్నమ్మ ఆగి, "నువ్వు ఈడనే ఉండు సరోజా," అంది. సరోజమ్మ వద్దనేలోపే ఒక్కతే నడిచి వెళ్ళింది.

సరోజమ్మ గోడ పక్కన నిలబడి చూసింది. జీవరత్నమ్మ గడప బయట నిలబడింది. హుసేనమ్మ పరుపు కుడుతూ ఆమెను చూసి, సరోజమ్మ ఏదని అడిగింది. రాలేదంది జీవరత్నమ్మ. హుసేనమ్మ మళ్ళీ కుట్టులో తల పెట్టింది. తల దువ్వుకున్న పిల్ల గడప లోపల, పెద్ద పంతులమ్మ గడప బయట. ఎండ పైకి వచ్చింది. జీవరత్నమ్మ కర్ర మీద బరువు మార్చుకుంటూ నిలబడింది. పదిమంది పిల్లలు సరోజమ్మ కొంగు పట్టుకుని గుసగుసలాడుతున్నారు. ఏటిగట్టు నుంచి బడి గంట వినిపించింది. ఆ గంట కొట్టేటప్పుడు జీవరత్నమ్మ వరండాలో లేకపోవడం ఆ బడి ఎరగదు.

హుసేనమ్మ దారం కొరికి తలెత్తింది. "గంటాయ గదమ్మా. నువ్వు పోవా?"

"కొట్టుకోనీ," అంది జీవరత్నమ్మ. "నువ్విస్తే తీసుకపోతా. ఇయ్యకపోతే రేపొచ్చి నిలబడతా. సరోజ నోటితో పోనన్నాది గానీ, ఆయమ్మకు పోవల్లని శానా ఉంది అవ్వా. అడిగితే చెప్పదు."

సందు మొదట్లో సరోజమ్మ కళ్ళు తుడుచుకుంది.

హుసేనమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. తల మీద కొంగు సవరించుకుంది. మనవరాలి చెయ్యి తానే పట్టుకుని గడప దాటింది.

"నీ చేతికి ఇంగా ఇయ్యలే," అంది. "నేనూ వస్తా. పద, నీ బడి యాడుందో చూస్తాం."

మనవరాలు ఐదో తరగతికొచ్చింది గాని హుసేనమ్మ ఏనాడూ ఆ బడి గేటు దాటలేదు. మధ్యాహ్నం దాకా వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. జీవరత్నమ్మ పెత్తనం చేస్తూ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆమెతోపాటు హుసేనమ్మ తల కూడా తిరిగింది. పరిగెత్తి పడ్డ ఒక చిన్నపిల్ల మోకాలికి జీవరత్నమ్మ తన కొంగు తడిపి అద్దడం చూసింది. లోపల మెహబూబున్నీసా భిన్నాల లెక్క గట్టిగా చదివి చెప్పడం వింది. మధ్యాహ్నం గంట కాగానే లేచి చీర దులుపుకుంది.

జీవరత్నమ్మ గేటు దాకా వెంట వచ్చి, "రేపు గూడా వస్తావా అవ్వా?" అని అడిగింది.

"రేపు నాకు పరుపుల పనుంది," అంది హుసేనమ్మ. "నువ్వే వచ్చి తోడుకొని పో."

తరగతి కిటికీలోంచి అది విన్న సరోజమ్మ చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి జీవరత్నమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. మొహం ఎప్పటిలాగే గంటు పెట్టుకునే ఉంది.

"డండీలో చలి శానా అంట సరోజా. నీకు రగ్గుందా?"

"ల్యాదు అమ్మగారూ," అంది సరోజమ్మ.